సీనియర్ హౌసింగ్‌గా ఉన్న పాత డౌన్‌టౌన్ బిల్డింగ్‌ని మళ్లీ హోటల్ చేయాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న

అమెరికాలో ఒక చిన్న నగరం డౌన్‌టౌన్‌లో, 1926లో హోటల్‌గా కట్టిన ఏడంతస్తుల ఇటుక బిల్డింగ్. 1970లలో వృద్ధుల అపార్ట్‌మెంట్లుగా మార్చారు. మొత్తం 84 స్టూడియోలు, 61 మంది ఉంటున్నారు. సెక్షన్ 8 (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల అద్దెలో కొంత ప్రభుత్వం భరించే పథకం) కాంట్రాక్ట్ ఇంకో పది నెలల్లో ముగుస్తుంది, నోటీసు ఎవరికీ ఇవ్వలేదు. బిల్డింగ్ విడిగా, తన పేరుతోనే నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో) ఉంది. కొనుగోలు ధర 60 లక్షల డాలర్లు, అందులో స్థలం విలువ 10 లక్షలు. 20 శాతం హిస్టారిక్ టాక్స్ క్రెడిట్ (పాత కట్టడాన్ని బాగుచేసిన ఖర్చులో ఐదో వంతు పన్నులో తగ్గింపు) తీసుకుని 84 గదుల హోటల్ చేయాలని ఆలోచన. ఖాళీగా ఉన్న యూనిట్లలో కిచెన్లు పీకడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? పైన రూఫ్‌టాప్ బార్ కూడా అనుకుంటున్నారు.

జవాబు 1

వద్దండీ, ఇప్పుడే సుత్తి పట్టకండి. ముందు కౌంటీ రికార్డుల్లో టైటిల్‌కి ఎక్కిన కాగితాలన్నీ తీయించండి. సెక్షన్ 8 ఒక్కటే కాకపోవచ్చు. 1990 నుంచి ఎవరైనా లో-ఇన్‌కమ్ హౌసింగ్ టాక్స్ క్రెడిట్ (పేదల ఇళ్లకిచ్చే పన్ను తగ్గింపు) తీసుకుని ఉంటే, కనీసం 30 ఏళ్లు పేదలకే అద్దెకివ్వాలన్న షరతు రిజిస్టర్ అయి ఉంటుంది. బిల్డింగ్ చేతులు మారినా అది పోదు. క్వాలిఫైడ్ కాంట్రాక్ట్ (కొనేవాళ్లను వెతకమని రాష్ట్ర హౌసింగ్ ఏజెన్సీని అడిగి, దొరక్కపోతే షరతు నుంచి బయటపడటం) దారిలో ఆ షరతు మధ్యలోనే ముగిసినా, ఉన్నవాళ్లని సరైన కారణం లేకుండా మూడేళ్లపాటు ఖాళీ చేయించకూడదు.

సెక్షన్ 8 సంగతికొస్తే, కాంట్రాక్ట్ వదులుకునే ఓనర్ కనీసం ఏడాది ముందు అద్దెదారులకూ, కేంద్ర గృహనిర్మాణ శాఖ హెచ్‌యూడీకీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మీకు పది నెలలే ఉంది కాబట్టి ఆ గడువు ఇప్పటికే దాటింది. నోటీసు ఇచ్చిన రోజు నుంచి ఏడాది నిండేదాకా వాళ్ల అద్దె వాటా పెంచకూడదు, ఖాళీ చేయించకూడదు. బ్యాంకుకి చూపించే షెడ్యూల్‌లో ఇది ఇప్పుడే రాసుకోండి. అర్హులకు వేరేచోట అద్దెకు సాయపడే వౌచర్లు వస్తాయి. కానీ చేతిలో వౌచర్ ఉంటే సరిపోదు, దాన్ని తీసుకునే ఇల్లు దొరకాలి. 80 ఏళ్ల మనిషి లిఫ్ట్ ఉన్న, బస్సు దగ్గరున్న ఇల్లు వెతుక్కోవాలంటే నెలలు పడుతుంది. నోటీసుతోపాటే ఒక రీలొకేషన్ మనిషిని పెట్టండి, సామాను తరలింపు ఖర్చు బడ్జెట్‌లో వేయండి. ఇది చేతనైతే చేసే మంచి పని అని కాక, ప్రాజెక్టులో మొదటి పని అనుకోండి.

నగరం నుంచి సీడీబీజీ లేదా హోమ్ నిధులు (ఇళ్లకూ ఊరి అభివృద్ధికీ కేంద్రం ఇచ్చే డబ్బు) ఇస్తామంటే సంబరపడి సంతకం పెట్టకండి. ఆ డబ్బుతో పేదల యూనిట్లను ఇళ్లు కాని వాడుకకు మారిస్తే, ఒక్కో యూనిట్‌కి బదులు ఇంకో యూనిట్ ఎక్కడో ఒకచోట సమకూర్చాలి.

జవాబు 2

టాక్స్ క్రెడిట్ గురించి. విడిగా లిస్ట్ అయిన బిల్డింగ్ కాబట్టి దరఖాస్తులో పార్ట్ 1 (బిల్డింగ్ చారిత్రకమని నిరూపించేది) అవసరం లేదు. అసలు పని పార్ట్ 2, అంటే చేయబోయే పనుల వివరం. అది రాష్ట్ర హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీసు ద్వారా నేషనల్ పార్క్ సర్వీస్‌కి వెళ్తుంది. ఆమోదం రాకముందు పని మొదలుపెట్టడం చట్టరీత్యా నేరమేం కాదు, కానీ రిస్కంతా మీదే. కిచెన్ పీకుతూ పక్కనున్న 1926 నాటి ప్లాస్టర్ గోడ, తలుపు చట్రం కూడా పీకేస్తే తర్వాత తెచ్చిపెట్టలేరు. ఫోటో లేకుండా తీసేసిన వస్తువు మీద వాదించడానికి కూడా ఏమీ మిగలదు. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫోటో తీసి, ప్లాన్ మీద నంబరు వేసి ఉంచండి.

లెక్క ఇలా ఉంటుంది. మీ బేసిస్ (పన్ను లెక్కలో బిల్డింగ్ విలువ) సుమారు 50 లక్షలు, స్థలం లెక్కలోకి రాదు. మీరు ఎంచుకున్న 24 నెలల వ్యవధిలో అర్హమైన ఖర్చు దీన్ని దాటాలి. ముందే దశలుగా ప్లాన్ చేసి చూపిస్తే 60 నెలలు దొరుకుతాయి. అర్హమైన ఖర్చు 90 లక్షలైతే క్రెడిట్ 18 లక్షలు, ఏడాదికి 3.6 లక్షల చొప్పున ఐదేళ్లు. మంచాలు, టీవీలు, కొత్తగా కట్టే భాగం, కొనుగోలు ధర ఇందులోకి రావు. ఐదేళ్లలోపు అమ్మితే కొంత వెనక్కి కట్టాలి.

హోటల్‌గా కట్టిన బిల్డింగ్ కావడం మీకు కలిసొస్తుంది. కారిడార్ వెడల్పు, తలుపుల వరస అలాగే ఉంచండి. రెండు గదులు కలిపితే, వాడని తలుపుని కారిడార్ వైపు కదలకుండా బిగించి వదిలేయండి. ఫాల్స్ సీలింగ్ కిటికీ పై అంచుకంటే కిందికి దిగితే అభ్యంతరం వస్తుంది. డక్టులన్నీ బాత్రూమ్, ప్రవేశం మీదుగా తిప్పి, కిటికీ వైపు సీలింగ్ ఎత్తుగా ఉంచాలి.

కోడ్ (కట్టడాల భద్రతా నిబంధనలు): అపార్ట్‌మెంట్ అంటే ఆర్-2, హోటల్ అంటే ఆర్-1. ఎగ్జిస్టింగ్ బిల్డింగ్ కోడ్‌లో బయటికి వెళ్లే దారుల విషయంలో రెండూ ఒకే హజార్డ్ (ప్రమాద) కేటగిరీ, అది ఊరట. కొత్త సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ (వాడుకకు అనుమతి పత్రం) మాత్రం తప్పదు. ఏడంతస్తులకు స్ప్రింక్లర్లు ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రమాణం ప్రకారమే వేయాలి, తేలికైన 13ఆర్ ప్రమాణం నాలుగంతస్తుల వరకే.

రూఫ్‌టాప్ బార్ దగ్గర జాగ్రత్త. మొదటి అంతస్తు 16 అడుగులు, మిగతావి 11 చొప్పున అనుకుంటే ఏడో అంతస్తు నేల 71 అడుగుల ఎత్తులో ఉంటుంది. రూఫ్ 82 అవుతుంది. 75 దాటిన చోట జనం కూర్చుంటే కొత్త కోడ్‌ల ప్రకారం బిల్డింగ్ మొత్తం హైరైజ్ (ఎత్తైన కట్టడం) లెక్క. అప్పుడు ఎమర్జెన్సీ పవర్, ఫైర్ కమాండ్ సెంటర్ లాంటివన్నీ నెత్తిన పడతాయి. టేప్ పెట్టి కొలిపించాకే బార్ గురించి మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. ఇప్పుడున్న బాత్రూముల్లో గ్రాబ్ బార్లు (పట్టుకునే కడ్డీలు) అన్నిటికీ ఉన్నాయి. వికలాంగుల గదుల లెక్క వాటితో తీరుతుందా? పైపులు పాతవే వాడొచ్చా?

జవాబు 3

గ్రాబ్ బార్ ఒక్కటుంటే చాలదు. 84 గదులకు ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రకారం వీల్‌చైర్ లాంటివి వాడేవాళ్లకు మొబిలిటీ గదులు 5, వాటిలో ఒకటి వీల్‌చైర్‌తోనే లోపలికి వెళ్లగల రోల్-ఇన్ షవర్‌తో. వినికిడి సదుపాయాలున్న గదులు 9. చాలామంది మర్చిపోయేది ఇంకొకటి: మామూలు గదుల్లో కూడా లోపలి తలుపులు, బాత్రూమ్ తలుపుతో సహా, 32 అంగుళాల ఖాళీ ఇవ్వాలి. 1920ల బాత్రూమ్ తలుపులు తరచుగా 24 అంగుళాలే. హిస్టారిక్ మినహాయింపు ఉంది కానీ రాష్ట్ర ప్రిజర్వేషన్ ఆఫీసు ఒప్పుకోవాలి.

తలుపు పెంచితే కమోడ్ జరుగుతుంది, అక్కడ మొదలవుతుంది అసలు తలనొప్పి. ఆ కాలం స్లాబుల్లో కాంక్రీట్ రిబ్బుల (సన్నని దూలాల) మధ్య బోలు మట్టి టైల్ నింపినవి చాలా ఉంటాయి. గోడ నుంచి 12 అంగుళాల దగ్గర రావాల్సిన ఫ్లాంజ్ (కమోడ్‌ని పైపుకి కలిపే చట్రం) సరిగ్గా రిబ్ మీద పడుతుంది. కోర్ డ్రిల్ వేసేవాడు కింద ఉక్కు కడ్డీ తగిలినా ఆపకుండా కోసేస్తాడు. ముందు రాడార్‌తో స్కాన్ చేసి, రిబ్బుల గీతలు నేలమీద సుద్దతో గీయించి, ఆ గీతలు చూశాకే బాత్రూమ్ డ్రాయింగ్ ఖరారు చేయండి.

పాత క్యాస్ట్ ఐరన్ స్టాక్ (అన్ని అంతస్తుల మురుగూ దింపే పైపు) నిలువు భాగం తరచుగా బాగానే ఉంటుంది. కుళ్లేది బేస్‌మెంట్‌లో అడ్డంగా తిరిగే చోట, పైపు అడుగున. కెమెరా వేసి చూడండి. కిచెన్ నీళ్ల లైన్లను గోడ దగ్గర క్యాప్ వేసి వదలొద్దు. ఆ ముక్కలో నీళ్లు కదలక లెజియోనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా పెరుగుతుంది. మెయిన్ మీద టీ (పైపు చీలే చోటు) దగ్గరే కోసేయాలి.

వేడినీళ్లు: అపార్ట్‌మెంట్లలో స్నానాలు రోజంతా విడివిడిగా జరుగుతాయి, హోటల్లో అందరూ పొద్దున ఒకేసారి. షవర్ 8 నిమిషాలు, నిమిషానికి 2 గ్యాలన్లు అంటే 16, అందులో వేడివి 11. గంటలో 75 స్నానాలైతే 825 గ్యాలన్లు. ట్యాంక్ 140 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంచి, మిక్సింగ్ వాల్వ్‌తో 120కి దించి పంపండి.

జవాబు 4

ఇటుక ముఖం గురించి ఎవరూ చెప్పలేదు. 1970ల మార్పుల్లో కిటికీల కింద ఏసీ కోసం గోడకు కంతలు పెట్టి ఉంటే వాటిని పూడ్చాలి. చదరంగా కోసిన కంతలో ఇటుకలు పేర్చేస్తే అతుకు వీధిలోంచి స్టాంపు అతికించినట్టు కనబడుతుంది. అంచుల్లో సగానికి తెగిన ఇటుకలు తీసి, కొత్తవి పాత వరసల్లోకి పళ్లలా కలిసేలా కట్టించాలి. మోర్టార్‌లో సున్నం ఉండాలి. గట్టి సిమెంట్ పెడితే చెమ్మ ఇటుకలోంచే బయటికి రావాల్సి వస్తుంది, కొన్ని చలికాలాల్లో ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. వీధి నుంచి కనబడని వెనక గోడ మీద మూడడుగుల నమూనా కట్టించి, ఆరాక, ఎండలో ఒకసారి వానలో ఒకసారి చూసి రంగు ఒప్పుకోండి.