సమస్య: ‘అక్కఁ దిట్టు చెల్లె లాప్తురాలు’

పృచ్ఛకుడిగా, అంటే సమస్య ఇచ్చేవాడిగా, ఈ వారం ఇంటి గొడవ ఇచ్చాను. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగో పాదం. కొత్తవారికి: గణం అంటే గురులఘువుల గుంపు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. అక్కను తిట్టే చెల్లెలు ఆప్తురాలు ఎలా అయిందో మిగిలిన మూడు పాదాల్లో నమ్మించాలి.

తెనాలి మిత్రుల పూరణ

కోడిపిల్ల నొకటి కొఱికి పట్టుక పోయి
పెరటి కంచె దాఁటి పేట చివర
తిరిగి చూచి నవ్వు తెలివైన జిత్తుల
నక్కఁ దిట్టు చెల్లె లాప్తురాలు

పృచ్ఛకుడు: నవ్వించారు మాస్టారూ! కోడిపిల్లతో పాటు మా అక్కనూ ఎత్తుకుపోయారు. కాని చిక్కు ఒకటుంది. ‘నక్క’లో న ఆ మాట సొంత అక్షరం. దానికి ‘లాప్తు’లోని ఆకారంతో యతి కుదరదు. గడుసుతనానికి సగం మార్కులు.

తెనాలి: ఒప్పుకున్నాను. మా చెల్లెలు కూడా ఇదే మాట చెప్పింది, ఇంకొంచెం గట్టిగా.

వరంగల్ సోదరుల పూరణ

పందె మోడి వినత పడఁతి దాస్యము సేయఁ
గద్రు మనసు కొంత కరఁగ లేదు
అట్టి యింట నెవ్వ రనుకొందు రిట్టుల
నక్కఁ దిట్టు చెల్లె లాప్తురాలు

పృచ్ఛకుడు: యతులు, గణాలు సరిపోయాయి. ‘పడఁతి’ మాత్రం గణం నింపడానికి వచ్చిన చుట్టం. అసలు అభ్యంతరం వేరు: ‘ఎవ్వరనుకొందురు’ అని ప్రశ్న వేసి సమస్యను దాటవేశారు. అక్కాచెల్లెళ్ల ద్రోహానికి భారతంలోని ఆదిపర్వం కన్నా మంచి చోటు లేదు నిజమే. వినతతో వేసిన పందెం గెలవడానికి, తెల్లగుర్రం ఉచ్చైశ్శ్రవం తోకను నల్లగా చూపమని కద్రువ తన కొడుకులైన పాములను అడిగింది. కాదన్నవారిని సర్పయాగంలో కాలిపొమ్మని శపించింది. తల్లి మాట వినాలా, పినతల్లికి న్యాయం చేయాలా అని నలిగిన ఆ పాముల వైపు నుంచి రాసి ఉంటే పద్యం ఎక్కడికో వెళ్లేది.

వరంగల్: వినతది కూడా తొందరే కదా? గుడ్డు ముందుగా చిదిపి, కొడుకు చేతనే దాస్యం శాపం తెచ్చుకుంది.

పృచ్ఛకుడు: అవును, అనూరుడి శాపం. అదీ పద్యంలోకి రావలసింది.

విశాఖ సోదరి పూరణ

చేతి గాజు లమ్మి చెప్పలే దొకమాట
చదువు సాగఁ జేసెఁ జాల యేండ్లు
నేఁడు తెలిసి వచ్చి నీళ్ళు నిండిన కళ్ళ
నక్కఁ దిట్టు చెల్లె లాప్తురాలు

తెనాలి: ఇక్కడా ‘నక్క’ వచ్చింది. నాకు తప్పయినది ఈ అమ్మకు ఒప్పెలా అయింది?

పృచ్ఛకుడు: ‘కళ్ళన్’ చివరి ద్రుతం, అంటే ఆ నకారం, అక్కతో కలిసింది. విడదీస్తే అక్క అక్కగానే నిలుస్తుంది, అకారానికి ఆకారం యతి చెల్లుతుంది. మీ నక్కను విడదీయడానికి వీల్లేదు మరి.

వరంగల్: గాజులు ఎవరు అమ్మారో మొదటి రెండు పాదాల్లో లేదు. కర్త లోపం కాదా?

పృచ్ఛకుడు: నాకు అదే నచ్చింది. చెల్లెలికి ఇన్నేళ్లూ తెలియనిది మనకు మాత్రం ముందే ఎందుకు తెలియాలి? పైగా ఇక్కడ క్షమించవలసింది చెల్లెలు. మేలు చేసి దాచిపెట్టిన అక్కను క్షమించడం, కీడు చేసినవారిని క్షమించడం కన్నా కష్టం, అందుకే తిట్టు. అమ్మా, ‘చాల యేండ్లు’ కొంచెం పలుచన. ఆ చోట కంటికి కనిపించే వస్తువు ఏదైనా పెట్టగలరా?

విశాఖ: ప్రయత్నిస్తానండీ. పెళ్లి ఫోటోలో మా అక్క చేతికి మట్టిగాజులే ఉన్నాయి. అందరూ నవ్వుతున్న ఆ ఫోటో ఇరవై ఏళ్లుగా మా గోడ మీదే ఉంది, నేను చేతుల వైపు చూడలేదు.

తెనాలి: తిట్టాక ఆవిడ ఏమన్నారమ్మా?

విశాఖ: ‘అవి నాకు వదులుగా ఉండేవిలే’ అన్నది.