కొత్త హామ్‌లకి (అమెచ్యూర్ రేడియోవాళ్లకి) ముందు ఏది నేర్పాలి: ఎఫ్‌టీ8 నా, జేఎస్8కాల్ నా?

గన్నవరం అక్విడెక్టు:
మన వైపు లైసెన్సు వచ్చిన కుర్రాళ్లంతా డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని నేరుగా ఎఫ్‌టీ8 లో, అంటే కంప్యూటర్ శబ్దాలతో రేడియోలో చిన్న చిన్న సందేశాలు పంపే పద్ధతిలో దిగిపోతున్నారు. తెల్లారేసరికి జపాను, ఇటలీ స్టేషన్లు లాగ్‌బుక్కులో పడతాయి. సంతోషమే. కానీ ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజున, సెల్ టవర్లు పడుకున్నాక, వీళ్లలో ఎంతమంది లంక నుంచి "ఇరవై మందిమి బడి మేడ మీద ఉన్నాం, పడవ పంపండి" అని పంపగలరు? ఎఫ్‌టీ8 లో సొంతంగా రాసుకునే మాటకి 13 అక్షరాలే చోటు, ఖాళీలతో కలిపి. అందుకే, ఎఫ్‌టీ8 లాంటిదే అయినా పొడుగు మాటలు రాసుకోనిచ్చే జేఎస్8కాల్ ముందు నేర్పాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

రాజోలు కొబ్బరితోట:
కాదంటానండి. ఎఫ్‌టీ8 ని తక్కువ చేసి మాట్లాడకండి. 2017 లో దాన్ని తెచ్చిన ఇద్దరిలో జో టేలర్ పల్సార్ల పనికి 1993 లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మనిషి. 2500 హెర్ట్జ్ వెడల్పులో కొలిస్తే రొద కన్నా 20 డెసిబెల్స్ కిందున్న సిగ్నల్ని కూడా చదివేస్తుంది. కొత్తవాడికి మొదట కావలసింది ధైర్యం. సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) కొట్టి, నెట్‌లో పీఎస్‌కే రిపోర్టర్ మ్యాపు తెరిస్తే తన సిగ్నల్ ఎక్కడెక్కడ వినపడిందో కాసేపట్లో కనపడుతుంది. అదే కుర్రాణ్ణి 7.078 మెగాహెర్ట్జ్‌లో జేఎస్8 ముందు కూర్చోబెట్టండి. అరగంట పిలిచినా పలికేవాడు ఉండడు, లాప్‌టాప్ మూసి వెళ్లిపోతాడు.

గన్నవరం అక్విడెక్టు:
పలికేవాడు లేకపోవడం సాఫ్ట్‌వేర్ తప్పా, మన తప్పా? అందరూ ఎఫ్‌టీ8 నడిచే 7.074 లోనే కూర్చుంటే పక్కన 7.078 ఖాళీగా ఉండక ఏం చేస్తుంది?

ఇక మ్యాపు సంగతి. ఇటలీలో వినపడ్డంత మాత్రాన అమలాపురంలో వినపడుతుందని ఏముంది? మనకి కావలసింది నెత్తి మీదకి నిటారుగా పోయి, తిరిగొచ్చి పక్క మండలంలో పడే సిగ్నల్. దానికి 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) యాంటెన్నా తీగని ఎత్తుగా కట్టక్కర్లేదు, నాలుగైదు మీటర్ల మీద లాగితే చాలు. పగలు డెల్టా అంతా బాగానే కప్పుతుంది. రాత్రి పొద్దుపోయాక అదే బ్యాండులో నరసాపురం మాయమై దూరదేశాలు మోగుతాయి. అప్పుడు 80 మీటర్ల బ్యాండుకి దిగాలి. ఇది ఎఫ్‌టీ8 లో దేశాలు లెక్కెట్టుకుంటూ కూర్చుంటే ఎవరికీ పట్టదు.

భీమవరం బ్యాటరీ:
ఇద్దరూ సాఫ్ట్‌వేర్ పేర్ల మీదే కొట్టుకుంటున్నారు. ఏది వాడినా కుర్రాళ్లు చెడగొట్టేది ఒకే చోట, సౌండ్ లెవెల్ దగ్గర. కంప్యూటర్ నుంచి రేడియోకి ఆడియో దంచేస్తారు, ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే రేడియో తగ్గించే ఏర్పాటు) సూది పైకి లేస్తుంది, సిగ్నల్ వెడల్పై పక్కవాళ్లని కూడా తినేస్తుంది. ఏఎల్‌సీ కదలకుండా ఉండేంతవరకే ఆడియో పెంచాలి. విండోస్ శబ్దాలు రేడియోకి వెళ్లే సౌండ్ కార్డులో పడకుండా వేరే దానికి మార్చుకోవాలి. ఒకాయన స్టేషన్ నుంచి మెయిల్ వచ్చినప్పుడల్లా "టింగ్" మని బ్యాండంతా మోగేది, ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

రెండోది వేడి. మన దగ్గర చాలామందివి హైదరాబాదు ఫర్హాన్ గారు డిజైన్ చేసిన మైక్రోబిటెక్స్ సెట్లు. ఎఫ్‌టీ8 ఒక్కో విడతకి 12.64 సెకన్లు ఆపకుండా నిండు పవర్ తోస్తుంది. మాటల్లో మధ్య మధ్య ఊపిరి తీసుకుంటాం, ఇందులో అది లేదు. జేఎస్8 కూడా అంతే. సగం పవర్‌కి దించకపోతే వాటిలోని ఐఆర్ఎఫ్510 పవర్ ట్రాన్సిస్టర్లు మాడిపోవచ్చు.

రాజోలు కొబ్బరితోట:
బ్యాటరీ గారు చెప్పినవన్నీ ఎఫ్‌టీ8 తోనే తొందరగా నేర్చుకోవచ్చు కదండీ! రోజూ వందల సిగ్నళ్లు ఉంటాయి, తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. నేననేదీ అదే.

ధవళేశ్వరం గట్టు:
ఇంతసేపూ ఎవరూ టైము మాట ఎత్తలేదేంటి? ఎఫ్‌టీ8 కి కంప్యూటర్ గడియారం ఒక సెకనుకి మించి అటూ ఇటూ అయితే, సిగ్నల్ వినపడినా సందేశం చదవలేకపోవచ్చు. మామూలు రోజుల్లో నెట్ సరిచేస్తుంది. వరద రోజున నెట్ ఎక్కడిది? జేఎస్8కాల్ కనీసం వినపడ్డ స్టేషన్లని బట్టి తన టైమును జరుపుకోగలదు. చవక జీపీఎస్ డాంగిల్ ఉంటే రెండింటికీ బెంగ లేదు.

నేనైతే రెండూ కాదు, ఎఫ్‌ఎల్‌డిజీ అంటాను, అదీ రేడియోలో అక్షరాలు పంపే సాఫ్ట్‌వేరే. దానికి గడియారంతో పనిలేదు. దాని తోడు ప్రోగ్రాములైన ఎఫ్‌ఎల్‌మెసేజ్‌లో ఫారం నింపి, ఎఫ్‌ఎల్‌ఆంప్‌తో పంపితే సందేశం ముక్కలుగా వెళ్తుంది. అవతలివాడు అందని ముక్కల నంబర్లు చెప్తే అవే మళ్లీ పంపొచ్చు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి నాడు అధికారులకి కావలసింది జాబితా: ఏ లంకలో ఎంతమంది, చంటిపిల్లలు ఎందరు, ఏ మందులు. జేఎస్8 లో ఆ జాబితా ఎక్కించేసరికి నీళ్లు తీసేస్తాయి.

గన్నవరం అక్విడెక్టు:
గట్టు మాస్టారూ, జాబితాకి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ అవతల మనిషి లేనప్పుడో? జేఎస్8 లో సందేశం మధ్య స్టేషన్లో దాచి ఉంచొచ్చు, ఆయన రేడియో పెట్టాక తీసుకుంటాడు. నేరుగా అందకపోతే ఇంకొకరి మీదుగా పంపొచ్చు. ఎఫ్‌ఎల్‌డిజీ ఆ పని తనంత తాను చెయ్యదు.

లంక కుర్రాడు:
నాది రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సండి. ఒక హ్యాండీ (చేతి రేడియో) తప్ప ఏమీ లేదు. మీరు చెప్పే బ్యాండులకి కావలసిన హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్ కొనే స్థోమత ఇప్పట్లో లేదు. ఈ చర్చలో నాకేమైనా పనుందా?

ధవళేశ్వరం గట్టు:
నీకే ఎక్కువ పనుంది నాయనా. ఫోన్లో ఆండ్‌ఎఫ్‌ఎల్‌మెసేజ్ యాప్ వేసుకో. అందులో ఎంటీ63 2000 అనే పద్ధతి ఎంచుకుని, ఫోన్ స్పీకర్ని హ్యాండీ మైకు దగ్గర పెట్టి పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కు. కేబుల్ అక్కర్లేదు. అవతలివాడు కూడా హ్యాండీ పక్కన ఫోన్ పెట్టుకుంటే అక్షరాలు పడతాయి. పక్కన కాస్త గోల ఉన్నా తట్టుకుంటుంది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు, తెలుగు లిపి అయితే ఒక్కో అక్షరం మూడింటి చోటు తింటుంది. మన నేల చదును కాబట్టి వాటర్ ట్యాంకు మీదో, మేడ మీదో నిలబడితే హ్యాండీ వాడే రెండు మీటర్ల బ్యాండు సిగ్నల్ బాగానే పోతుంది.

రాజోలు కొబ్బరితోట:
వారా మోడెమ్ సాఫ్ట్‌వేర్, దాని మీద రేడియోలో మెయిల్ పంపే విన్‌లింక్, వీటి సంగతేంటి? ఈమెయిల్‌లా పోతుంది కదా.

భీమవరం బ్యాటరీ:
పోతుంది, కానీ వరద లేని చోట నెట్ ఉన్న గేట్‌వే స్టేషన్ దొరకాలి. వారా విండోస్ మీదే నడుస్తుంది, పూర్తి స్పీడుకి డబ్బు కట్టాలి, లోపలి పద్ధతి బయటపెట్టలేదు. మన రూల్స్‌లో రహస్య భాష కుదరదు. అది రహస్యమా, వట్టి కంప్రెషనా అన్న తగువు వరద రోజున నాకొద్దు.

గన్నవరం అక్విడెక్టు:
సరే, ఆదివారం పొద్దున్న ఏడింటికి 7.078 లో ఉంటాను. కొబ్బరితోట గారు రావాలి.

రాజోలు కొబ్బరితోట:
వస్తాను. ఏడున్నరకి మాత్రం 7.074 కి వెళ్లిపోతానండోయ్.