అప్‌డేట్: ఆనందపురం దగ్గర స్థలంలో బోరు వేయించాం

వేప పంగలకర్రతో నీళ్లు చూసే పెద్దాయన్ని నమ్మొచ్చా అని అడిగాను కదా, ఇదీ సంగతి.

ఆయన ఈశాన్యం మూలలో పాయింట్ పెట్టారు (వాస్తు కూడా కలిసొచ్చిందని మావయ్యకి మహా సంతోషం). కళ్లకు తువ్వాలు కట్టుకుని మళ్లీ నడవమని బతిమాలాను. ఈసారి కర్ర గేటు దగ్గర వంగింది, మూడోసారి ఇంకెక్కడో. పెద్దాయన మోసగాడని మాత్రం అనను. పంగలకర్రను వంచి పట్టుకున్నప్పుడు మణికట్టు కాస్త కదిలినా అది తిరిగిపోతుంది, పట్టుకున్నవాళ్లకే తెలీదు. 1987-88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక గాదెలో కింద నీటి పైపు జరుపుతూ, పై అంతస్తులో 43 మందిని 843 సార్లు పరీక్షించారు. నిర్వాహకులు కొందరికి ఆ శక్తి ఉందన్నారు. తర్వాత ఆ లెక్కలు చూసిన అమెరికా శాస్త్రవేత్త ఎన్‌రైట్ మాత్రం అంతా గుడ్డిగా ఊహించినట్టేనని తేల్చాడు.

చివరికి రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి, కింద నీళ్లుండే చోటు అంచనా వేసే పరీక్ష) చేయించాం. మనవైపు ఖొండలైట్ రాయి, నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలో, కింద పగుళ్లలో. సర్వే చూపిన చోట 190 అడుగుల్లో రెండంగుళాల నీరు పడింది.

మావయ్య మాత్రం "పెద్దాయన చెప్పిన నీటి పాయ అదేరా, కాస్త పక్కకి జరిగింది" అంటున్నారు.