సీఆర్‌టీ మానిటర్ మీద తెల్ల గీతలు, మసక: మూత తీయొచ్చా?

ప్రశ్న: అటక మీదున్న 17 అంగుళాల సీఆర్‌టీ (పాతకాలపు గాజు పిక్చర్ ట్యూబ్) మానిటర్‌ను పాత గేముల కోసం కిందికి దించాను. బొమ్మ వస్తోంది కానీ అక్షరాలు మసగ్గా ఉన్నాయి. నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు, దాని మీద ఏటవాలుగా సన్నటి తెల్ల గీతలు. బ్రైట్‌నెస్ బాగా తగ్గించినా పోవట్లేదు. ఓ మూల ఊదా మచ్చ కూడా ఉంది. ప్లగ్గు తీసి రెండు రోజులు వదిలేస్తే లోపల చెయ్యి పెట్టొచ్చా?

జవాబు: ఆ ధీమా వద్దండీ. కలర్ ట్యూబ్ ఆనోడ్‌కు (ట్యూబ్‌లో హైవోల్టేజ్ అందే చోటుకు) దాదాపు 25 వేల వోల్టులు వెళ్తాయి. ట్యూబ్ గాజు కెపాసిటర్‌లా ఆ ఛార్జిని పట్టి ఉంచుకుంటుంది. ఒకసారి డిశ్చార్జ్ చేసినా, అంటే ఆ ఛార్జిని ఖాళీ చేసినా, కాసేపటికి మళ్లీ కొంత పైకి తేలుతుంది.

మచ్చకు మూత తీయక్కర్లేదు. దగ్గర్లో స్పీకర్లుంటే జరపండి, మెనూలో డీగాస్ (ట్యూబ్‌కు పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టేది) నొక్కండి. వెంటవెంటనే నొక్కితే లాభం లేదు, లోపలి థర్మిస్టర్ (వేడిని బట్టి కరెంటును అదుపుచేసే భాగం) చల్లారాలి. అరగంట ఆగి మళ్లీ నొక్కండి.

గీతలకు కారణం స్క్రీన్ వోల్టేజ్ (ట్యూబ్ లోపలి స్క్రీన్ గ్రిడ్‌కు వెళ్లేది) ఎక్కువ కావడం. ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ (హైవోల్టేజ్ తయారుచేసే భాగం) మీద సాధారణంగా రెండు నాబులుంటాయి, ఒకటి ఫోకస్, ఇంకోటి స్క్రీన్. అసలు చిక్కు ఇక్కడే: ట్యూబ్ డిశ్చార్జ్ చేస్తే భయం లేదనుకుంటారు, కానీ ఈ నాబులు తిప్పేది కరెంటు ఉండగానే! టీవీ రిపేరు తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ఈ పని పెట్టుకోకండి.

వాళ్లుంటే ఇలా చేయండి. అరగంట వేడెక్కనివ్వండి. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మధ్యలో పెట్టండి. నాబు ఇప్పుడెక్కడుందో మార్కర్‌తో గీత గీయండి. ఎదురుగా అద్దం పెడితే తెర వైపు వంగి చూడక్కర్లేదు. ఉంగరం, వాచీ తీసేసి, ఒక చెయ్యి జేబులో ఉంచుకుని, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో స్క్రీన్ నాబును వెంట్రుకవాసి తిప్పండి. గీతలు పోయి నలుపు నల్లబడగానే ఆపేయండి. ఫోకస్ మాత్రం తెర నడుమ చూసి పెట్టకండి, మూలలు చెడతాయి. నడిమికీ మూలకూ మధ్యనున్న అక్షరాలు చూస్తూ తిప్పండి.

ట్యూబ్ మెడ మీద పెయింట్ వేసి బిగించిన రింగుల జోలికి అసలు వెళ్లొద్దు. అవి కదిలితే మూడు రంగులూ మూడు దారులు పడతాయి.

మరొకరు: బుస్‌మనే చప్పుడు, ఓజోన్ వాసన వస్తే వెంటనే ఆపేయండి. హైవోల్టేజ్ ఎక్కడో లీకవుతోందని లెక్క. బొమ్మంతా ఒకే అడ్డగీతగా మారినా అంతే, వర్టికల్ సెక్షన్ (బొమ్మను పైనుంచి కిందికి పరిచే భాగం) పోయినట్టు. ఆ వెలుగుకి ఫాస్ఫర్ (తెర లోపలి వెలిగే పూత) కాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: డీగాస్‌తో మచ్చ పోయింది. మా బాబాయి టీవీ మెకానిక్, ఆయన తిప్పితే గీతలూ పోయాయి. థాంక్సండీ! కానీ ఆన్ చేసిన కొత్తలో అక్షరాలు ఇంకా అలుక్కుపోతున్నాయి, కాసేపటికి తేరుకుంటున్నాయి.

జవాబు: ట్యూబ్ మెడకు తగిలించే సాకెట్‌లో తేమ చేరితే ఇలాగే అవుతుంది, మార్చేస్తే సరిపోతుంది. ఆ పని కరెంటు తీసేసి, ట్యూబ్ డిశ్చార్జ్ చేశాకే. బాబాయిగారికే వదిలేయండి. సాకెట్ మార్చినా అలాగే ఉంటే ట్యూబే అరిగిందనుకోవాలి.