గ్రెయిన్-ఫ్రీ (ధాన్యాలు లేని) తిండితో కుక్క గుండెకు ముప్పేనా? మానేయమంటారా?

లడ్డూ_వాళ్ళ_నాన్న (డల్లాస్):
మా లడ్డూ గోల్డెన్ రిట్రీవర్. ఒంటి దురదలని గ్రెయిన్-ఫ్రీకి మార్చాం. ప్యాకెట్ వెనక చూస్తే మాంసం తర్వాత వరసగా బఠాణీ, మసూర్ పప్పే. ఇలాంటి తిండికీ, గుండె కండరం పలచబడి గదులు ఉబ్బిపోయే డీసీఎం జబ్బుకీ సంబంధం ఉందేమో చూస్తున్నామని 2018లో ఎఫ్‌డీఏ (అమెరికాలో ఆహారం, మందులు చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పింది. 2022 చివర్లోనేమో, కొత్తగా ఏదైనా తేలితేనే మళ్ళీ ప్రకటిస్తామంది. అంటే ప్రమాదం లేనట్టేనా?

కాఫీ_కుక్క:
లేనట్టే అన్నా. 2022 నవంబర్ దాకా ఎఫ్‌డీఏకి చేరినవి 1,382 కుక్కల రిపోర్టులు. అమెరికాలో కుక్కలు కోట్లలో ఉన్నాయి. వార్త చూసి జనం ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్) చేయించారు, జబ్బు బయటపడింది, రిపోర్టులు పెరిగాయి. డాబర్‌మన్లకి ఏం పెట్టినా వస్తుంది, అది వంశపారంపర్యం. మన ఊళ్ళో కుక్కలు పప్పన్నం తిని బతకలేదా?

వెటర్నరీ_అక్క (శాక్రమెంటో):
రిపోర్టుల సంఖ్యతో ఏదీ తేలదు, అక్కడ మీ మాట నిజమే. నేను చూసేది వేరే. వంశపారంపర్యంగా వచ్చిన డీసీఎం మందులతో కాస్త నెమ్మదిస్తుందే గానీ, వెనక్కి తగ్గడం చాలా అరుదు. తిండి మార్చిన కుక్కల్లో మాత్రం కొన్నింటికి ఉబ్బిన గుండె మళ్ళీ తగ్గింది. డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 2018లో గోల్డెన్ల మీదే రాశారు: టారిన్ (గుండెకి కావలసిన ఒక అమైనో ఆమ్లం) తగ్గి డీసీఎం వచ్చిన 24 కుక్కల్లో 23 తిన్నవి గ్రెయిన్-ఫ్రీ, లేదంటే పప్పులు ఎక్కువున్న తిండి. తిండి మార్చి టారిన్ ఇచ్చాక దాదాపు అన్నీ మెరుగుపడ్డాయి. మిగతా జాతుల్లో టారిన్ సరిగ్గా ఉన్నా జబ్బు పడ్డవి ఉన్నాయి. కారణం ఇంకా తేలలేదు.

పప్పన్నం సంగతంటారా, అందులో అన్నమెంత, పప్పెంత? పైగా ఆ కుక్కలకి ఎకో ఎవరు తీశారు? ఉన్నట్టుండి పడిపోతే "ఎండదెబ్బ" అనేసేవాళ్ళం.

లడ్డూకి దురదలు ధాన్యం వల్లేనని ఎవరు తేల్చారు? కుక్కల్లో తిండి అలర్జీలు ఎక్కువగా బీఫ్, పాలు, చికెన్ వల్ల వస్తాయి. గోధుమ వాటి తర్వాతే. లాభం ఉందో లేదో తెలియనప్పుడు ఆ అనుమానం ఎందుకు మోయడం? ఎకో చేయించండి, రక్తంలో టారిన్ చూపించండి. రక్తం తీసేదాకా టారిన్ క్యాప్సూల్స్ మొదలుపెట్టకండి, లెక్క తప్పుతుంది.

కాఫీ_కుక్క:
అయితే తప్పు గ్రెయిన్ లేకపోవడంలో కాదు, పప్పు ఎక్కువవడంలో అంటున్నారు. మరి ఆ పేరు పెట్టి భయపెట్టడమెందుకు అక్కా?

వెటర్నరీ_అక్క (శాక్రమెంటో):
నా అనుమానమూ అదే. బియ్యం ఉన్న ప్యాకెట్‌లోనైనా బఠాణీ పైవరసలో ఉంటే నేను పెట్టను. కానీ రుజువైందని అనను.

గుంటూరు_పిల్లి:
మరి మా పిల్లికి రోజూ పెరుగన్నమే. పర్లేదా?

వెటర్నరీ_అక్క (శాక్రమెంటో):
పిల్లి విషయంలో చర్చ లేదమ్మా, మానేయండి. కుక్క టారిన్‌ని ఒంట్లో తయారు చేసుకోగలదు, పిల్లికి అది చాలినంత చేతకాదు. టారిన్ లేక పిల్లులకి డీసీఎం వస్తుందని 1987లోనే తేలింది, ఆ తర్వాతే కంపెనీలు పిల్లి తిండిలో దాన్ని పెంచాయి. మాంసమో చేపో పడాలి, లేదా పిల్లుల కోసం చేసిన తిండి పెట్టండి. పిల్లుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే హెచ్‌సీఎం వేరు, అందులో కండరం మందమవుతుంది. మెయిన్ కూన్ జాతి పిల్లుల్లో దానికి జన్యువు కూడా దొరికింది. అది తిండి మారిస్తే పోయేది కాదు.