ఐదో నెల. విడాకుల పిటిషన్‌లో సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

చంద్రగిరి అమ్మాయి:
పెళ్ళయి మూడేళ్ళు. ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. నేను తిరుపతిలో అత్తగారింట్లో ఉండేదాన్ని. శనివారం రాత్రి బస్సుకు వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోయేవాడు. ఉగాది తర్వాత గొడవ ముదిరి చంద్రగిరిలో అమ్మోళ్ళింటికి వచ్చేశా. ఇప్పుడు ఐదో నెల. "ఆ బిడ్డ నాది కాదు, పుట్టాక డీఎన్‌ఏ చేయించు, అప్పుడు చూద్దాం" అంటాడు. వాళ్ళమ్మ ముందరే అన్నాడు. వారం వారం కొడుక్కి తలుపు తీసిన మనిషి, నోరు మెదపలేదు.

పెద్దమనుషులు కూర్చుని ఐదు లక్షలకు తేల్చేశారు. వాళ్ళ లాయరే పరస్పర అంగీకారం పిటిషన్ టైపు చేయించి పంపాడు. అందులో "ఏడాదికి పైగా భార్యాభర్తలుగా కలిసి లేము" అని ఉంది. కింద "నాకు గానీ పుట్టబోయే బిడ్డకు గానీ ఇకపై భరణం అడగను" అని ఇంకో లైను. అడిగితే, "అది అందరూ రాసేదేనమ్మా" అన్నాడు. నాన్నకు బీపీ, ఇంట్లో ఈ మాట ఎత్తాలంటేనే టెన్షన్. సంతకం పెట్టేస్తే పీడ పోతుందా?

చిత్తూరు గుమాస్తా:
అమ్మా, నేను లాయరును కాను. చిత్తూరు కోర్టులో వకీళ్ళ దగ్గర గుమాస్తాగా తల నెరిసినవాణ్ణి. సంతకం పెట్టొద్దు.

అందరూ రాసేదేనన్న మాట నిజమే. హిందూ వివాహ చట్టం 13బి కింద పిటిషన్ వేయాలంటే ఏడాది విడిగా ఉండాలి. అందుకే నిన్న మొన్న విడిపోయినవాళ్ళు కూడా ఏడాదని రాసేస్తారు. మామూలుగా దాన్ని ఎవరూ పట్టించుకోరు. కడుపుతో ఉన్న మనిషి రాస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఏడాదిగా కలిసి లేమని నువ్వే ఒప్పుకుంటే, ఐదో నెల ఎలా వచ్చిందని రేపు ఆయన లాయరు నిన్ను బోనులో అడుగుతాడు. చేతిలో నీ సంతకమే ఉంటుంది.

ఆ కాగితం లేకపోతే చట్టం నీ వైపు. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 116. పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. విడాకుల డిక్రీ వచ్చాక 280 రోజుల్లోపు పుట్టినా అంతే, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉంటే. కాదనాలంటే, బిడ్డ కడుపున పడ్డ రోజుల్లో మీ ఇద్దరికీ కలుసుకునే వీలే లేదని ఆయనే రుజువు చేయాలి. వారం వారం బస్సెక్కి వచ్చినవాడు అదెట్లా చేస్తాడు? ఆ టికెట్ మెసేజ్‌లు నీ ఫోన్‌లో ఉంటే, ఉగాది ఫోటోలుంటే, మొదటి స్కానింగ్ రిపోర్టుతో కలిపి ఒక ఫైల్లో పెట్టు.

విడాకులు వద్దనడం లేదు. కావాలంటే బిడ్డ పుట్టాక, విడిపోయిన అసలు తేదీ వేసి, బిడ్డ ఖర్చు విడిగా రాసుకుని వేసుకోండి.

మదనపల్లె నుంచి:
తప్పు లేనప్పుడు టెస్టుకు ఒప్పుకుంటే ఒక్కరోజులో తేలిపోతుంది కదా?

చిత్తూరు గుమాస్తా:
ఒక్కరోజులో తేలదు నాయనా. అయినా ఆయన మాట అనేస్తే ఈమె ఎందుకు పరుగెత్తాలి? 1993 నాటి గౌతమ్ కుందు కేసు నుంచి సుప్రీంకోర్టు ఒకటే చెబుతోంది: అడిగిందే తడవుగా బిడ్డ రక్తం తీయమనకూడదు. 2023లో అపర్ణ ఫిరోదియా కేసులోనూ అదే. అవసరమనుకుంటే కోర్టు చెబుతుంది, అప్పుడు చూసుకోవచ్చు. పెద్దమనుషుల అరుగు మీద ఒప్పుకునే విషయం కాదిది.

పలమనేరు అక్క:
చెల్లీ, భరణం సంగతి నేను చెప్తా, పడ్డదాన్ని కాబట్టి. బిడ్డ భరణాన్ని నువ్వు వదులుకున్నట్టు రాసినా చెల్లదు, అది బిడ్డ హక్కు. కానీ ఆ కాగితం పట్టుకుని ఏళ్ళ తరబడి తిప్పుతారు. నువ్వు ఇప్పుడే నీకోసం ఎంసీ, అంటే భరణం కేసు వెయ్యి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్, ఇప్పుడు దాని బదులొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144. నువ్వు ఉన్నచోటే వేయొచ్చు, బెంగళూరు పోనక్కర్లేదు. మందులు, స్కానింగ్, కాన్పు ఖర్చు అన్నీ చూపించి మధ్యంతర భరణం, అంటే కేసు తేలేదాకా ఇచ్చేది, అడుగు. నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది. వాయిదాలు పడతాయి, అది వేరే. బిడ్డ పుట్టాక ఆ కేసులో బిడ్డ పేరు కూడా చేర్పించుకోవచ్చు.

2020లో రజనీష్, నేహా కేసు తర్వాత ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్ ఇవ్వాల్సిందే. మా ఆయన తనకు పనే లేదని రాశాడు. మా లాయరమ్మ ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నెల నెలా కడుతున్న కారు కంతు మీద వేలు పెట్టి, "ఇది ఎవరు కడుతున్నారు సార్?" అంది. అంతే, ఆయన లాయరు వాయిదా అడిగాడు. ఆర్డరు వచ్చాక కట్టకపోతే వారంటు, జైలు కూడా ఉంటాయి. బకాయి మాత్రం ఏడాది దాటనీయకు, లోపే పిటిషన్ వెయ్యాలి.

లాయరు ఫీజుకు భయపడకు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల వాళ్ళు ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చెయ్యి.

చంద్రగిరి అమ్మాయి:
పిటిషన్ తిప్పి పంపేశా. ఐదు లక్షలు పోగొట్టుకున్నావని మేనమామ అరుస్తున్నాడు, అరవనీ. 15100కు చేశా, తిరుపతి కోర్టులో ఎవరిని కలవాలో చెప్పారు. ఇంకొక్కటి, కాన్పప్పుడు తండ్రి పేరు ఏం చెప్పాలి?

చిత్తూరు గుమాస్తా:
భర్త పేరే చెప్పు, పెళ్ళి ఇంకా నిలిచే ఉంది. ఆసుపత్రిలో కాన్పయితే వివరాలు వాళ్ళే 21 రోజుల్లోపు పంపాలి. ఫారం నింపే నర్సమ్మ పక్కనే నిలబడి స్పెల్లింగ్ సరిచూడమని మీ అమ్మకు చెప్పు. ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి.