తెగనమ్ముట, తెగ నమ్ముట: ఒక కార్టూన్ కింద పడిన ఖాళీ

సభ్యులకు నమస్కారం. ప్రభుత్వ రంగ సంస్థల అమ్మకాల మీద వచ్చే కార్టూన్లలో పదేపదే కనిపించే ‘తెగనమ్మడం’ అన్న మాటకు ‘బాగా చౌకగా అమ్మడం’ అని అర్థం చెప్పుకోవచ్చా అని ఒక సభ్యులు అడిగారు. చెప్పుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పే ముందు, ఈ మాటతో నాకు జరిగిన చిన్న పరాభవాన్ని చెప్పనివ్వండి.

కొన్నేళ్ల క్రితం ఒక ఉద్యోగుల సంఘం వెలువరించే పత్రికకు నేను ప్రూఫులు దిద్దేవాణ్ని. ఒక సంచికకు ఒక యువ చిత్రకారుడు మంచి కార్టూన్ ఇచ్చాడు. పొగగొట్టాలతో సహా ఒక కర్మాగారాన్ని తోపుడు బండి మీద పెట్టుకొని, చేతిలో గంట వాయిస్తూ, ఒక నాయకుడు వీధి వెంట కేకలు వేసుకుంటూ పోతుంటాడు. పొగగొట్టానికి ధర చీటీ వేలాడుతుంటుంది. బొమ్మ కింద ‘ప్రజల సొత్తును తెగనమ్ముతున్నారు’ అని అతను రాసి ఇస్తే, అచ్చులో అది ‘తెగ నమ్ముతున్నారు’ అయింది. ప్రూఫులో ఆ ఖాళీ నా కంటి ముందు నుంచే వెళ్లింది. ‘ఎవరిని ఎవరు అంతగా నమ్ముతున్నారండీ?’ అని ఒక పెద్దాయన ఫోన్ చేసి అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఒక్క ఖాళీకి అర్థం అంతగా తిరగబడటానికి కారణం సంధిలో ఉంది. ‘తెగు’ ధాతువుకు ‘తెగన్’ అన్నది అన్నంత రూపం, అంటే చివర ద్రుతం ఉన్న రూపం. దానికి ‘అమ్ము’ పరమైతే, ద్రుతంలోని నకారం ఆ అచ్చును పట్టుకొని ‘తెగనమ్ము’ అవుతుంది. తెగేటట్లు అమ్మడం అని దాని అర్థం. ‘తెగ నమ్ము’లోని నకారమో, ‘నమ్ము’ ధాతువు సొంతం. అక్కడి ‘తెగ’ ‘తెగ తిన్నాడు’, ‘తెగ తిరిగాడు’ అన్నప్పటి తెగ, మితిమీరి అని అర్థమిచ్చేది. ఉచ్చారణలో ఈ రెంటికీ తేడా ఒక చిన్న విరామమే. ‘వాళ్లు తెగ నమ్మారు, వీళ్లు తెగనమ్మారు’ అని ఆ విరామం మీదే వ్యాఖ్య కట్టదలచుకున్న కార్టూనిస్టుకు ఇది దొరికిన నిధి. అలా కట్టదలచుకోని వారికి మాత్రం గొయ్యి. అచ్చులో ఈ మాటను ఎప్పుడూ కలిపే రాయాలని నేను పట్టుబట్టడం అప్పటి నుంచే.

ఇంతకీ తెగేది ఏమిటి? ధర కాదు, హక్కు. ‘బేరం తెగింది’, ‘తగవు ఇంకా తెగలేదు’ అని మనం రోజూ అంటుంటాము. అక్కడ తెగడం అంటే ఇక వెనక్కు తిరిగే వీలు లేకుండా ఒక కొలిక్కి రావడం. తాకట్టు పెట్టిన నగకు, కౌలుకిచ్చిన చేనుకు మనతో బంధం మిగిలే ఉంటుంది. తెగనమ్మిన దానితో మిగలదు. మా తాతగారు అమ్మిన రెండెకరాల దస్తావేజు నకలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కొన్నవారు ఆ భూమిని ‘పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో’ అనుభవించవచ్చుననీ, ఇకమీదట తనకు గానీ తన వారసులకు గానీ అందులో ఎట్టి హక్కూ లేదనీ అందులో ఆయన రాయించి ఇచ్చారు. మంచి ధరకే అమ్మారని మా నాయనమ్మ చివరి వరకూ చెప్పేది. అయినా అది తెగనమ్మకమే. ‘కారుచౌకగా తెగనమ్మారు’ అని పత్రికలు రాయడం పునరుక్తి కాకపోవడానికి కారణం కూడా ఇదే; మొదటి మాట ధరను చెబుతుంది, రెండో మాట తెంపును చెబుతుంది.

ఇప్పుడు ప్రభుత్వ పరిభాష దగ్గరికి వద్దాము. 1991 నుంచి మన దేశంలో ఈ పనికి అధికారికంగా వాడుతున్న మాట ‘పెట్టుబడుల ఉపసంహరణ’. 1999 డిసెంబరులో ఇందుకోసం ప్రత్యేక శాఖనే ఏర్పరచారు. ఉపసంహరణ అంటే తన దానిని తాను వెనక్కు తీసుకోవడం. వేసిన నామినేషన్‌ను ఉపసంహరించుకుంటారు, పురాణాల్లోనైతే విడిచిన అస్త్రాన్ని ఉపసంహరించుకుంటారు. ఆ మాటలో కొనేవాడు లేడు, బేరం లేదు, చేతులు మారిన వస్తువు అసలే లేదు. అందుకనే ఉపసంహరణను ఎవరూ బొమ్మగా గీయలేరు. కార్టూనిస్టు బొమ్మ గీయాలంటే అమ్మేవాడిని, కొనేవాడిని, మధ్యలో సరుకును పెట్టక తప్పదు. పరిభాష దాచిపెట్టిన ముగ్గురినీ బొమ్మ మళ్లీ బయటికి లాగుతుంది. ఈ రకం కార్టూన్లలో వ్యంగ్యంలో సగం నిజానికి ఈ అనువాదమే అనిపిస్తుంది నాకు.

విశాఖ ఉక్కు విషయంలో ఈ అనువాదం మరింత పదునెక్కింది. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న కర్మాగారాన్ని ప్రకటించిన ఇందిరా గాంధీ, 1971 జనవరి 20న దానికి శంకుస్థాపన చేశారు. తరువాత 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం ఈ సంస్థలో నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ‘ఉక్కు’కు ‘హక్కు’తో ప్రాస కుదిర్చిన తరం, తెలియకుండానే, ‘తెగు’ అన్న క్రియకు కర్తను సిద్ధం చేసి పెట్టినట్లయింది. నినాదం హక్కును గురించి, తెగనమ్మడం హక్కు తెగడాన్ని గురించి. కాబట్టి ఈ సందర్భంలో ఆ మాట అక్షరాలా సరిపోతుంది. ‘తుక్కు’ అన్న మూడో ప్రాస ఎలాగూ చేతికందే దూరంలోనే ఉంది కనుక, ఉక్కును తుక్కు కింద కాటాకు వేస్తున్నట్లు గీయడానికి పెద్ద ఊహాశక్తి అవసరం లేదు. అది నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే తుక్కు మళ్లీ మనల్ని ధర దగ్గరికే తీసుకుపోతుంది. కర్మాగారానికి భూములిచ్చి ఊళ్లు వదిలి, ‘ఆర్ కార్డు’ (పునరావాస కార్డు) పట్టుకొని ఉద్యోగం కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నిర్వాసితుల ఇళ్లలో తగువు ధర గురించి కాదు. వారి హక్కు ఒకసారి భూమితో తెగి, ఆ కార్డు రూపంలో ఉక్కుకు ముడిపడింది. ఆ ముడిని గీసిన కార్టూన్ కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను. (2025 జనవరిలో కేంద్రం ఈ సంస్థకు 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించిన సంగతి సభ్యులకు తెలిసిందే.)

అయితే ‘తెగనమ్మడం’ అన్ని చోట్లా ఒప్పదు. 2021 ఆగస్టులో కేంద్రం నాలుగేళ్లలో ఆరు లక్షల కోట్ల రూపాయలు రాబట్టే లక్ష్యంతో ‘జాతీయ నగదీకరణ ప్రణాళిక’ను ప్రకటించింది. రోడ్లు, విద్యుత్ లైన్లు, రైల్వే స్టేషన్ల వంటివి కొంత కాలానికి ప్రైవేటు వారి చేతికి ఇస్తారు, యాజమాన్య హక్కు ప్రభుత్వానిదే, గడువు తీరాక తిరిగి తీసుకుంటారు అని ఆర్థిక మంత్రి చెప్పారు. ఆ వారం వచ్చిన వ్యాఖ్యల్లో దీనిని కూడా ‘తెగనమ్మడం’ అన్నవారు ఉన్నారు. కోపం సంగతి ఎలా ఉన్నా భాష రీత్యా అది గురి తప్పింది, ఎందుకంటే ఇక్కడ హక్కు తెగలేదు. దీనికి మన పల్లెల్లో చక్కటి మాట ఉంది, ‘గుత్త’. చెరువులో చేపలను గుత్తకిస్తారు, తోటలో మామిడి కాపును గుత్తకిస్తారు. సొమ్ము ముందే చేతిలో పడుతుంది, గడువు వరకూ రాబడి గుత్తదారుడిది. ఈ గుత్త నుంచే ‘గుత్తాధిపత్యం’ పుట్టింది. టోల్ గేటు దగ్గర తువ్వాలు భుజాన వేసుకొని కూర్చున్న గుత్తదారుణ్ని గీసి, కింద ‘గుత్త’ అన్న ఒక్క మాట పెడితే, అది తెగనమ్మడం కన్నా బలంగా తగులుతుంది, పైగా తప్పుబట్టడానికి ఎవరికీ సందు దొరకదు.

ఇంగ్లీషు కార్టూన్లలోని ‘కుటుంబ వెండి’ సంగతి మరొక సభ్యులు ప్రస్తావించారు. 1985 నవంబరులో, బ్రిటన్‌లో తన పార్టీకే చెందిన థాచర్ ప్రభుత్వం సాగిస్తున్న అమ్మకాలను ఉద్దేశించి, మాజీ ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ ఒక ప్రసంగంలో, అప్పుల్లో పడిన జమీందారీ కుటుంబాలు మొదట పాతకాలపు వెండి సామాన్లను, తరువాత హాలులోని మంచి కుర్చీలు బల్లలను, ఆ తరువాత ఇటలీ చిత్రకారుడు కెనలెట్టో గీసిన చిత్రాలను వదులుకుంటాయన్నారు. జనం నోట అది ‘కుటుంబ వెండిని అమ్ముకోవడం’గా స్థిరపడి, అక్కడి కార్టూనిస్టులకు తరగని ముడిసరుకైంది. తన అభ్యంతరం అమ్మకం మీద కాదనీ, అలా వచ్చిన పెద్ద మొత్తాలను రాబడిలాగా ఖర్చు చేయడం మీదేననీ ఆయన తరువాత వివరించారు. ఆ వివరణ గీతల్లోకి పెద్దగా రాలేదు, వెండి మాత్రం మిగిలింది.

దీన్ని తెలుగులో ‘కుటుంబ వెండి’ అని దించితే పలకదు. మన ఇళ్లలో వెండి కంచాలుండటం గొప్పే కానీ, వాటిని అమ్ముకోవడం పతనానికి గుర్తుగా మన మనసులో నాటుకోలేదు. ఆ స్థానంలో మనకు పుస్తెలున్నాయి. ‘పుస్తెలు అమ్మి అయినా పులస తినాలి’ అన్న గోదావరి వారి సామెతను మనం పులస రుచికి మెప్పుగానే వింటాము, కానీ మాక్‌మిలన్ గారి అసలు అభ్యంతరమంతా అందులో ఇమిడి ఉంది: ఒక్కసారే అమ్మగలిగిన దానిని అమ్మి, ఒక పూట కూరకు ఖర్చు పెట్టడం. బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి వాటాలు అమ్మే ఆర్థిక మంత్రి మీద కార్టూన్ గీయాలంటే, పులస పులుసు దాక పక్కన పుస్తెలు లేని మెడను చూపడం చాలు.

చివరగా, ఈ అమ్మకాలను ‘ధారాదత్తం’ చేయడం అనవచ్చా అని వచ్చిన ప్రశ్న. నీటిధార విడిచి ఇచ్చేది దానం. అక్కడ దాత వెల పుచ్చుకోడు. ఒక సంస్థను ఎంత తక్కువకు ఇచ్చినా, డబ్బు పుచ్చుకున్నాక అది ధారాదత్తం కాదు. ఆ మాట అతిశయోక్తిగా చెల్లుతుంది, చెంబుతో నీళ్లు పోస్తున్న మంత్రి బొమ్మ చూడటానికి బాగానే ఉంటుంది, కాదనను. 2021 అక్టోబరులో 18,000 కోట్ల రూపాయల బిడ్డుతో టాటాలు గెలుచుకున్న ఎయిర్ ఇండియా విషయంలో మాత్రం ధారాదత్తమూ కుదరదు, తెగనమ్మడమూ పూర్తిగా కుదరదు. 1932లో టాటాలే ప్రారంభించి, 1953లో జాతీయమైన సంస్థ అది; అక్కడ తెగిన బంధం ఒకటైతే, అతుక్కున్నది మరొకటి. తలవంచి నిలిచే ఆ సంస్థ చిహ్నం, మహారాజు, ఇప్పుడు ఏ వైపు తిరిగి వంగాలో తేల్చుకోలేకపోతున్నట్లు గీయవచ్చు. తెలంగాణ సభ్యులు ‘అగ్గువ’ (చౌక), ‘హర్రాజు’ (వేలం) అన్న మాటలను ఇటువంటి వ్యాఖ్యల్లో ఎలా వాడతారో, ముఖ్యంగా 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుపరమైన నాటి బోధన్ ప్రాంతపు వాడుకలో ఏమనేవారో రాస్తే, ఈ చర్చను అక్కడి నుంచి కొనసాగిద్దాము.